పేపర్ వెనక్కి ఎందుకొచ్చింది? ఇంజనీరింగ్ జర్నల్స్‌పై మీ ప్రశ్నలు, మా జవాబులు

పరిశోధన పత్రాలు రాయడం, జర్నల్‌కు పంపడం గురించి ప్రశ్నలు అడగమన్నాం. ఎం.టెక్ విద్యార్థులు, పీహెచ్‌డీ స్కాలర్లు, కాలేజీ అధ్యాపకులు రాశారు. ఒకే సందేహం చాలామందికి ఉన్నచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం. ఉదాహరణ కావలసినచోట, బలం చూడటానికి యంత్రంలో నలిపే కాంక్రీట్ దిమ్మను, అంటే కాంక్రీట్ క్యూబ్‌నే పట్టుకున్నాం. ఆ లెక్క ఎవరికైనా అర్థమవుతుంది, మిగతా బ్రాంచీలవాళ్లు తమ పనికి అన్వయించుకోవచ్చు.

ప్రశ్న: విజయవాడ థర్మల్ కేంద్రం ఫ్లైయాష్‌తో (బొగ్గు కాల్చగా మిగిలే మెత్తని బూడిద) ఎం30 కాంక్రీట్ (28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్ల బలం ఉండాల్సిన రకం) మీద ఎం.టెక్ ప్రాజెక్టు చేశాను. సిమెంటు 10, 20, 30 శాతం తగ్గించి ఆ మేరకు ఫ్లైయాష్ కలిపి 7, 28 రోజుల బలం చూశాను. 94 పేజీల థీసిస్‌ను 22 పేజీలకు కుదించి ఒక అంతర్జాతీయ జర్నల్‌కు పంపితే, రివ్యూకైనా (ఇతర నిపుణుల పరిశీలనకు) పంపకుండా ఆరో రోజునే 'కొత్తదనం లేదు' అని తిప్పికొట్టారు. నా ఇంగ్లిష్ బాగోలేకనా? – కాకినాడ పాఠకుడు

జవాబు: ఇంగ్లిష్ వల్ల కాదు. భాష బాగోలేకపోతే ఎడిటర్లు సాధారణంగా ఆ మాటే రాస్తారు. ఫ్లైయాష్ కలిపితే 28 రోజుల బలం ఎలా మారుతుందన్నది దశాబ్దాలుగా లెక్కలేనన్నిసార్లు కొలిచిన విషయం. ఎడిటర్ ముందుగా చూసేది శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్, ముగింపు. ఆ మూడింటిలో 'ఇది ఇంతకుముందు తెలియదు' అనదగిన వాక్యం కనిపించకపోతే పేపర్ అక్కడే ఆగిపోతుంది.

థీసిస్‌ను కుదిస్తే పేపర్ అయిపోదు. మీకు విషయం తెలుసని పరీక్షకులకు చూపించడానికి థీసిస్ రాస్తారు. పేపర్ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. అందుకే పాత ఫైలు మూసేసి, తెల్లకాగితం మీద మూడు వాక్యాలు రాయండి: ఏది తెలియదు, మేం ఏం కొలిచాం, ఏం తేలింది. మొదటి వాక్యం రాయలేకపోతే పేపర్‌కు ఇంకా సమయం రాలేదని అర్థం.

మీ పనిలో అలాంటి ప్రశ్న లేకపోలేదు. ఫ్లైయాష్‌లోని సిలికా, సిమెంటు నీటితో కలిసినప్పుడు పుట్టే సున్నంతో నెమ్మదిగా చర్య జరుపుతుంది. అందువల్ల దాని అసలు ప్రయోజనం 28 రోజుల్లో సరిగా కనిపించదు. 56, 90 రోజుల ఫలితాలు కావాలి. బలం ఒక్కటే కాకుండా ఉప్పునీటిని ఎంతవరకు అడ్డుకుంటుందో కూడా చూడండి. గోదావరి డెల్టాలో ఆక్వా చెరువుల దగ్గర కట్టే కట్టడాల్లో ఇనుము తుప్పు పట్టడం మీకు తెలిసిన సమస్యే. అమెరికా ప్రమాణమైన ఏఎస్‌టీఎం సీ1202 పరీక్షలో 100 మిల్లీమీటర్ల వ్యాసం, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న కాంక్రీట్ బిళ్లకు 6 గంటలపాటు 60 వోల్టులు పెట్టి, ఎన్ని కూలంబుల విద్యుత్తు దాటిందో చూస్తారు. తక్కువ దాటితే ఉప్పును బాగా అడ్డుకుంటున్నట్టు. అదే బూడిద, అదే మిక్స్, అక్కడి చెరువు నీటిలో ఉన్నంత క్లోరైడ్: వీటితో పని చేస్తే అది మీ ప్రాంతపు ప్రశ్న అవుతుంది, జవాబు మీ దగ్గరే ఉంటుంది.

బూడిదను 'క్లాస్ ఎఫ్' (సున్నం తక్కువగా ఉండే రకం) అని వదిలేయవద్దు. బొగ్గు మారితే బూడిదా మారుతుంది. ఏ నెలలో తెచ్చారు, ఆక్సైడ్ల శాతాలు ఎంత, లాస్ ఆన్ ఇగ్నిషన్ (కాల్చితే తగ్గే బరువు) ఎంత, ఎంత మెత్తగా ఉంది అన్నవి ఒక చిన్న పట్టికలో ఇవ్వండి.

రాసే వరుస కూడా మార్చి చూడండి. మొదట గ్రాఫులు, పట్టికలు ఖరారు చేసుకోండి. తరువాత వాటి కింద ఫలితాలు, ఆ తరువాత పరీక్ష పద్ధతి, ఆపైన ఉపోద్ఘాతం రాయండి. అబ్‌స్ట్రాక్ట్, శీర్షిక చివరికి రావాలి. థీసిస్‌లో పాతిక పేజీల సాహిత్య సమీక్ష పేపర్‌లో పేజీన్నర దాటకూడదు. 'ఫలానావారు ఇలా చేశారు, ఫలానావారు అలా చేశారు' అని జాబితా చదవవద్దు. వాళ్లంతా కలిసి ఎక్కడ ఆగారో చెప్పండి.

ఇప్పుడు చేతిలో ఉన్న ఫలితాలు కూడా వృథా కావు. 1927 నుంచి వస్తున్న ఇండియన్ కాంక్రీట్ జర్నల్ లాంటివాటి పాఠకుల్లో సైట్ ఇంజనీర్లూ ఉంటారు. స్థానిక బూడిదతో చేసిన మిక్స్ వివరాలు వాళ్లకు పనికొస్తాయి. పంపేముందు ఆ జర్నల్ ఇటీవలి సంచికలు నాలుగు తిరగేసి, మీలాంటి పని అందులో వస్తోందో లేదో చూసుకోండి.

ప్రశ్న: సిమెంటు 20 శాతం తగ్గించిన మా మిక్స్ బలం కంట్రోల్ (పోలిక కోసం చేసిన మామూలు మిక్స్) కన్నా 4 శాతం పెరిగిందని రాశాం. రివ్యూయర్ 'ఇది పెరుగుదల కాదు, చెదరుదల' అన్నారు. మూడు క్యూబుల సగటు తీసుకోవడం కోడ్ ప్రకారమే కదా? – పీహెచ్‌డీ స్కాలర్, వరంగల్

జవాబు: సగటు తీయడం కోడ్ ప్రకారమే. మీ పేపర్ మాత్రం కోడ్ అడగని ప్రశ్న అడుగుతోంది. 'ఈ కాంక్రీట్‌ను ఒప్పుకోవచ్చా' అన్నదానికి మన కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 దారి చూపుతుంది. మూడు క్యూబుల్లో ఏదీ సగటుకు 15 శాతం మించి అటూ ఇటూ ఉండకూడదంటుంది. 'ఈ మిక్స్ ఆ మిక్స్ కన్నా నిజంగా మెరుగా' అన్నది వేరే ప్రశ్న.

మీరు పంపిన అంకెలనే చూద్దాం. కొత్త మిక్స్‌కు 36.2, 38.9, 40.1 ఎంపీఏ (చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లు). సగటు 38.4, స్టాండర్డ్ డీవియేషన్ (సగటు చుట్టూ అంకెల చెదరుదల) 2.0. కంట్రోల్‌కు 34.3, 37.4, 39.0. సగటు 36.9, డీవియేషన్ 2.4. సగటుల తేడా 1.5 ఎంపీఏ, అంటే మీరన్న 4 శాతం. ఇప్పుడు ఆ తేడాలో ఎంత అనిశ్చితి ఉందో చూడండి. రెండు డీవియేషన్లను వర్గం చేసి, ఒక్కోదాన్ని 3తో భాగించి, కలిపి, వర్గమూలం తీస్తే 1.8 వస్తుంది. తేడాకన్నా దానిలోని అనిశ్చితే పెద్దది. అంటే ఈ ఆరు క్యూబులు మళ్లీ పోస్తే ఫలితం తారుమారు కావచ్చు. రివ్యూయర్ చెప్పింది ముమ్మాటికీ నిజం.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఒకే మిక్సర్ లోడు నుంచి తీసిన మూడు క్యూబులు మూడు ప్రయోగాలు కావు. ఆ లోడులో నీళ్లు అర లీటరు ఎక్కువైతే మూడూ కలిసే తగ్గుతాయి. మూడు వేర్వేరు రోజుల్లో మూడు బ్యాచ్‌లు పోసి, బ్యాచ్‌కు మూడు చొప్పున తొమ్మిది క్యూబులు నలిపితే మీ మాటకు బలం వస్తుంది. అది వీలుకాకపోతే పేపర్‌లో నిజం రాయండి: 'బలంలో గణనీయమైన తేడా కనిపించలేదు.' సిమెంటు 20 శాతం తగ్గించినా బలం పడిపోలేదంటే అది చిన్న ఫలితమేమీ కాదు. దాన్ని పెరుగుదలగా చెప్పబోవడం వల్లే పేపర్ దెబ్బతింది.

గ్రాఫులో ప్రతి బిందువు మీదా ఎర్రర్ బార్ వేసి, అది స్టాండర్డ్ డీవియేషనా, స్టాండర్డ్ ఎర్రరా అన్నది బొమ్మ కింద రాయండి. 38.4267 అని నాలుగు దశాంశాలు ఇవ్వవద్దు. యంత్రం చూపినంత మాత్రాన అంత కచ్చితంగా కొలిచినట్టు కాదు.

పద్ధతి విభాగంలో మనవాళ్లు వదిలేసే వివరాలు కొన్ని ఉన్నాయి. కంకర, ఇసుకల్లో తేమ ఎంత, దానికి తగ్గట్టు నీళ్లు సర్దారా లేదా? సూపర్‌ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండా కాంక్రీట్ జారేలా చేసే రసాయనం) శాతం సిమెంటు మీదా, మొత్తం బైండర్ (సిమెంటు, ఫ్లైయాష్ కలిపి) మీదా? క్యూరింగ్ నీటి ఉష్ణోగ్రత ఎంత? మన ప్రమాణం 27 డిగ్రీలకు 2 అటూ ఇటూ. యూరప్‌లో 20 డిగ్రీలు. ఇది చెప్పకపోతే అక్కడి పాఠకుడు మీ అంకెలను తనవాటితో పోల్చలేడు. లోడు వేగం నిమిషానికి చదరపు మిల్లీమీటరుకు 14 న్యూటన్లు అంటే 150 మిల్లీమీటర్ల క్యూబుకు సెకనుకు 5.25 కిలోన్యూటన్లు. ఆపరేటర్ తొందరపడి లోడు వేగంగా ఎక్కిస్తే బలం ఎక్కువ చూపిస్తుంది. మీ ల్యాబ్‌లో ఎంత వేగంతో చేశారో అడిగి రాసుకోండి.

ప్రశ్న: యూజీసీ కేర్ లిస్టు (యూజీసీ గుర్తించిన జర్నల్స్ జాబితా) తీసేశారట. ఇప్పుడు ఏ జర్నల్ మంచిదో ఎలా తెలుస్తుంది? వాట్సాప్ గ్రూపుల్లో 'స్కోపస్ గ్యారంటీ, 15 రోజుల్లో' అని రోజూ వస్తున్నాయి. – అసిస్టెంట్ ప్రొఫెసర్, కరీంనగర్

జవాబు: 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ జాబితాను నిలిపేసింది. జర్నల్ ఎంచుకోవడానికి కొన్ని ప్రమాణాలు సూచించి, నిర్ణయాన్ని విద్యాసంస్థలకే వదిలింది. 2022 నవంబరు నాటి పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు కూడా లేదు. అయినా మీ యూనివర్సిటీ తన సొంత నిబంధనల్లో దాన్ని ఉంచి ఉండవచ్చు. ఆ కాగితం తెప్పించుకుని చదవండి, నోటిమాట నమ్మవద్దు.

స్కోపస్ అంటే జర్నల్స్, వాటి పేపర్లను నమోదు చేసే డేటాబేస్. వాట్సాప్ ప్రకటన విషయానికొస్తే, గ్యారంటీ అన్న మాట దగ్గరే ఆగిపోండి. నిజమైన రివ్యూలో ఎడిటర్ సైతం ముందుగా హామీ ఇవ్వలేడు. కొన్ని ప్రకటనల్లో 'రెండో రచయిత స్థానం ఇంత, మూడోది ఇంత' అని రేటు కూడా ఉంటుంది. అది రచయితృత్వాన్ని అమ్ముకోవడమే. తరువాత ఆ పేపర్ రిట్రాక్ట్ అయితే కొన్నవాళ్ల పేరూ దానితోపాటే శాశ్వతంగా ఉండిపోతుంది. 2023లో ఒక్క హిందావీ జర్నల్స్ నుంచే 8 వేలకు పైగా పేపర్లను వెనక్కి తీసుకున్నారు.

జర్నల్‌ను పరీక్షించడానికి ఒక గంట చాలు. స్కోపస్ 'సోర్సెస్' పేజీ ఉచితంగా తెరుచుకుంటుంది. అక్కడ పేరుతో కాకుండా, ప్రతి జర్నల్‌కూ వేరుగా ఉండే ఐఎస్ఎస్ఎన్ అంకెతో వెతకండి. ఒకే పేరున్న జర్నల్స్ రెండు మూడు ఉంటాయి. కవరేజీ ఏ ఏడాది వరకు ఉందో చూడండి. మధ్యలో ఆగిపోయి ఉంటే ఇక అందులో వచ్చే పేపర్లు స్కోపస్‌లో చేరవు. అలాంటిదే మరో డేటాబేస్ అయిన వెబ్ ఆఫ్ సైన్స్‌కైతే మాస్టర్ జర్నల్ లిస్టు ఉంది. జర్నల్ వెబ్‌సైటుకు ఎప్పుడూ ప్రచురణకర్త పేజీ నుంచే వెళ్లండి. గూగుల్‌లో పైన కనిపించేది, ఈమెయిల్‌లో వచ్చిన లింకు నకిలీ సైటుది కావచ్చు. అసలు జర్నల్ పేరు, ఐఎస్ఎస్ఎన్ దించేసి డబ్బు వసూలు చేసే నకళ్లు చాలా ఉన్నాయి.

జర్నల్‌కు ఇచ్చే ఐఎస్ఎస్ఎన్, ఒక్కో పేపర్‌కు ఇచ్చే డీఓఐ గుర్తింపు అంకెలు మాత్రమే, నాణ్యతకు ముద్రలు కావు. 'గ్లోబల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్' లాంటి పేర్లు చూసి మోసపోవద్దు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లను సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె) అంటే క్లారివేట్ సంస్థ ఏటా ప్రకటించేదే. తాజా సంచికలో మీ రంగం పేపర్లు రెండు డౌన్‌లోడ్ చేసి పూర్తిగా చదవండి. పద్ధతి విభాగం లేకుండా, గ్రాఫుల మీద అక్షరాలే కనపడకుండా అచ్చయి ఉంటే అక్కడికి వెళ్లవద్దు. పేపర్ వెనక్కి తీసుకుంటామంటే రుసుము అడిగే జర్నల్ కూడా నమ్మదగింది కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ రివ్యూ గురించి, రుసుముల గురించి రచయితలను తప్పుదోవ పట్టించిందని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లు దాటిన మొత్తం కట్టమని తీర్పిచ్చింది. మోసపోయేది దూరంగా ఉన్నవాళ్లే అనుకోనక్కర్లేదు.

డబ్బు లేకపోతే మంచి జర్నల్ దొరకదన్నది అపోహ. ఐఈఈఈ, ఎల్సెవియర్, స్ప్రింగర్ జర్నల్స్‌లో చాలావాటికి చందా మార్గం ఉంది. ఓపెన్ యాక్సెస్ (పేపర్‌ను అందరికీ ఉచితంగా తెరిచి ఉంచడం) వద్దంటే ప్రచురణ రుసుము ఉండదు. ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్‌లో మాత్రం పేజీల పరిమితి దాటితే అదనపు పేజీలకు కట్టాల్సి రావచ్చు. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారి 'సాధన' ఇంజనీరింగ్ విభాగాలన్నిటికీ ఉన్నదే.

ప్రశ్న: సిమిలారిటీ (ఇతరుల రచనలతో కలిసిన భాగం) 23 శాతం వచ్చింది. పారాఫ్రేజ్ టూల్‌తో 6కు తగ్గించాను. ఇప్పుడు పంపవచ్చా? – స్కాలర్, అనంతపురం

జవాబు: దయచేసి పంపవద్దు. ఆ టూల్ సాంకేతిక పదాలకు కూడా పర్యాయపదాలు పెడుతుంది. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' కాస్తా 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అవుతుంది, 'సిగ్నల్ టు నాయిస్' కాస్తా 'ఫ్లాగ్ టు కమోషన్' అవుతుంది. 2021లో కొందరు పరిశోధకులు ఇలాంటి వికృత పదబంధాలను పోగుచేసి, వాటి ఆనవాళ్లతో అచ్చయిన పేపర్లను వెతికి పట్టుకున్నారు. శాతం తగ్గినా దొంగతనం తగ్గలేదు, పైగా దాచే ప్రయత్నం కూడా బయటపడుతుంది.

ముందు ఆ 23 శాతం ఎక్కడుందో రిపోర్టులో చూడండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు శిక్ష లేదు. 10 నుంచి 40, 40 నుంచి 60, 60 పైన అని మూడు స్థాయిలున్నాయి. రిఫరెన్సులు, మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, ప్రామాణిక సమీకరణాలు, వరుసగా 14 పదాల లోపు కలిసే మాటలు లెక్కలోకి రావు. వీటిని తీసేయకుండానే చాలా కాలేజీల్లో రిపోర్టు తీస్తారు. తీసేస్తే మీ అంకె సగానికి పడిపోవచ్చు.

జర్నల్ ఎడిటర్ మాత్రం మొత్తం అంకె కన్నా అది ఎక్కడ పడిందో చూస్తాడు. ఐఎస్ కోడ్ పరీక్ష వర్ణన కలిస్తే పట్టించుకోడు. ఫలితాల చర్చలో ఒకే పేపర్ నుంచి రెండు పేరాలు కలిస్తే మొత్తం 8 శాతమే అయినా తిప్పికొడతాడు. అలాంటి పేరాలకు మందు ఒక్కటే. మూలం పక్కన పెట్టేసి, మీకు అర్థమైంది తెలుగులోనైనా సరే ఎవరికైనా చెప్పి, ఆ తరువాత సొంతంగా రాయండి. కలిసింది థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైటులోని మీ సొంత థీసిస్‌తోనే అయితే కవర్ లెటర్‌లో ఆ మాట చెప్పండి. చాలా ప్రచురణ సంస్థలు థీసిస్‌ను ముందస్తు ప్రచురణగా లెక్కించవు.

ప్రశ్న: చాట్‌జీపీటీతో ఇంగ్లిష్ సరిచేయించుకోవచ్చా? – బీటెక్ ఆఖరి సంవత్సరం విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: పెద్ద ప్రచురణ సంస్థలు చాలావరకు ఒప్పుకుంటున్నాయి. అది రచయిత కాకూడదు, వాడిన సంగతి దాచకూడదు. ఐఈఈఈకి ఆ ప్రకటన కృతజ్ఞతల విభాగంలో, ఎల్సెవియర్‌కు రిఫరెన్సుల ముందు రావాలి. రిఫరెన్సులు మాత్రం దానితో రాయించుకోవద్దు. లేని పేపర్లను ఉన్నట్టే, డీఓఐతో సహా, పుట్టిస్తుంది. ప్రతి డీఓఐని తెరిచి, శీర్షిక సరిపోయిందో లేదో మీ కళ్లతో చూడండి. నలభై రిఫరెన్సులకు ఒక సాయంత్రం చాలు.

ప్రశ్న: బొమ్మలు స్పష్టంగా లేవని టెక్నికల్ చెక్‌లోనే రెండుసార్లు వెనక్కి వచ్చింది. నా స్క్రీన్ మీద చక్కగానే ఉన్నాయి. – ఎలక్ట్రికల్ స్కాలర్, తిరుపతి

జవాబు: స్క్రీన్ మీద కాదు, అచ్చు కొలతలో చూడాలి. ఎల్సెవియర్ ఒక కాలమ్ వెడల్పు 90 మిల్లీమీటర్లు, అంటే మూడున్నర అంగుళాలు. ఫొటోకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) చొప్పున వెడల్పులో సుమారు 1,063 పిక్సెల్స్ కావాలి. గీతలతో ఉన్న గ్రాఫుకు వాళ్లు అడిగేది 1,000 డీపీఐ. అంటే 3,543 పిక్సెల్స్. వర్డ్‌లో అతికించి మళ్లీ స్క్రీన్‌షాట్ తీసిన బొమ్మకు అన్ని ఉండవు. డీపీఐ అంకెను ఫొటోషాప్‌లో పెంచితే పిక్సెల్స్ ఊహించి నింపుతుంది తప్ప స్పష్టత రాదు. మ్యాట్‌ల్యాబ్, ఆరిజిన్, పైథాన్ ఏదైనా సరే, గ్రాఫును నేరుగా పీడీఎఫ్‌గానో ఈపీఎస్‌గానో తీయండి. అవి వెక్టర్ బొమ్మలు కనుక డీపీఐ గొడవే ఉండదు.

అక్షరాల సంగతీ ఇలాంటిదే. 20 సెంటీమీటర్ల వెడల్పు గ్రాఫులో 10 పాయింట్ల అక్షరాలు పెట్టి 9 సెంటీమీటర్లకు కుదిస్తే మిగిలేది నాలుగున్నర పాయింట్లు. ఎవరూ చదవలేరు. మొదటే 9 సెంటీమీటర్ల బొమ్మ గీసి 8 పాయింట్ల అక్షరాలు పెట్టండి. నాలుగు గీతలను రంగులతోనే వేరు చేయవద్దు. నలుపు తెలుపుల్లో ప్రింట్ తీసినవారికి అన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. గుర్తులు, గీతల తీరు కూడా మార్చండి.

లాటెక్ వాడేవాళ్లకు ఒక మాట: పేపర్లు పంపే ఎడిటోరియల్ మేనేజర్ వ్యవస్థలో బొమ్మలను వేరే ఫోల్డర్‌లో పెడితే దానికి కనపడవు. ఫైళ్లన్నీ ఒకేచోట ఉంచి, లోపల ఇచ్చిన దారి కూడా మార్చండి.

ప్రశ్న: నా పేరు ఒక పేపర్‌లో ఒకలా, ఇంకొకదానిలో ఇంకోలా వచ్చింది. స్కోపస్‌లో ఇద్దరు మనుషుల్లా ఉన్నాను. – అధ్యాపకుడు, గుంటూరు

జవాబు: ఇంటిపేరు ముందు రాసే మనకు ఇది తప్పని చిక్కు. ఇంటిపేరు కొత్తపల్లి, పేరు వెంకటరమణ అనుకోండి. 'ఫ్యామిలీ నేమ్' గడిలో కొత్తపల్లి రాస్తే 'కొత్తపల్లి, వి.' అని ఉదహరిస్తారు. మన అలవాటుగా కె. అని ముందు, వెంకటరమణ అని వెనుక రాస్తే 'వెంకటరమణ, కె.' అవుతుంది. రెండూ తప్పు కాదు, ఒక్కోసారి ఒక్కోటి రాయడమే తప్పు. ఒక రూపం ఖాయం చేసుకుని, స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకుండా జీవితాంతం అదే వాడండి. పరిశోధకులకు ఉచితంగా దొరికే 16 అంకెల ఆర్కిడ్ గుర్తింపు ఐడీ తీసుకుని ప్రతి పేపర్‌కూ జతచేయండి. విడిపోయిన ప్రొఫైళ్లను కలపమని స్కోపస్‌లోనే కోరవచ్చు. కాలేజీ పేరు కూడా పూర్తిగా, ఎప్పుడూ ఒకేలా రాయాలి. అనుబంధ కాలేజీలో పనిచేస్తూ జేఎన్‌టీయూ అని మాత్రమే రాస్తే మీ పని మీ కాలేజీ లెక్కలోకి రాదు.

ప్రశ్న: విభాగాధిపతి పేరు కూడా రచయితల్లో పెట్టమంటున్నారు. పనిలో ఆయన పాత్రేమీ లేదు. – పేరు వద్దన్న స్కాలర్

జవాబు: మీ ఇబ్బంది అర్థమవుతుంది. కాదనడం కష్టమే. చాలా జర్నల్స్ ఇప్పుడు 'క్రెడిట్' అనే పద్ధతిలో 14 పాత్రలిచ్చి ఎవరు ఏం చేశారో రాయమంటున్నాయి. ఆ ఫారం గైడ్ గారి ముందు పెట్టి, 'సార్, హెచ్‌ఓడీ గారి పేరు ఎదురుగా ఏం రాయమంటారు?' అని అడగండి. మాట మీ నోటి నుంచి కాకుండా జర్నల్ నుంచి వచ్చినట్టవుతుంది. ల్యాబ్ సౌకర్యం ఇచ్చినందుకు కృతజ్ఞతల్లో పేరు పెట్టడం న్యాయమైన గౌరవం. ఏ నిర్ణయమైనా పంపేముందే తేల్చుకోండి. సబ్మిట్ చేశాక పేరు చేర్చాలన్నా తీయాలన్నా అందరి సంతకాలూ, కారణమూ అడుగుతారు.

ప్రశ్న: రివ్యూయర్ల పేర్లు సూచించమంటే ఏం రాయాలి? నాలుగు నెలలైనా 'అండర్ రివ్యూ' అనే ఉంది, ఏం చేయాలి? – హైదరాబాద్, నెల్లూరు పాఠకులు

జవాబు: మీ రిఫరెన్సుల్లో ఉన్నవాళ్లు, ఇటీవల మీతోగానీ మీ గైడ్‌తోగానీ కలిసి పేపర్ రాయనివాళ్లు, మీ సంస్థవాళ్లు కానివాళ్లు అయి ఉండాలి. వాళ్ల సంస్థ ఈమెయిలే ఇవ్వండి. జీమెయిల్ చిరునామాలను ఎడిటర్లు అనుమానించడానికి కారణం ఉంది. 2014లో 'జర్నల్ ఆఫ్ వైబ్రేషన్ అండ్ కంట్రోల్' నుంచి 60 పేపర్లను తొలగించారు. దొంగ ఖాతాలతో తమ పేపర్లను తామే రివ్యూ చేసుకున్న ముఠా అప్పుడు బయటపడింది.

నాలుగు నెలలు అసాధారణం కాదు. 'అండర్ రివ్యూ' మళ్లీ 'విత్ ఎడిటర్'గా మారితే కంగారుపడవద్దు. రివ్యూయర్ ఒప్పుకుని తప్పుకుని ఉండవచ్చు. పేపర్ నంబరు రాసి మర్యాదగా ఒక ఉత్తరం పంపండి. ఆలస్యమైందని ఇంకో జర్నల్‌కు పంపారో, రెండు చోట్లా పోతుంది. ముందు లిఖితపూర్వకంగా ఉపసంహరించుకుని, ఒప్పుకున్నట్టు జవాబు వచ్చాకే కదలాలి.

ప్రశ్న: మేజర్ రివిజన్ (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమని) వచ్చింది. 27 వ్యాఖ్యలు. రెండో రివ్యూయర్‌కు విషయమే అర్థం కాలేదు. ఎలా జవాబివ్వాలి? – స్కాలర్, రాజమహేంద్రవరం

జవాబు: మేజర్ రివిజన్ శుభవార్త. అక్కర్లేని పేపర్ మీద ఎవరూ 27 వ్యాఖ్యలు రాయరు. ఒకటి రెండు రోజులు పక్కన పెట్టి తరువాత తెరవండి.

ప్రతి వ్యాఖ్యనూ ఉన్నదున్నట్టు కాపీ చేసి, దాని కింద జవాబు, దాని కింద మార్చిన వాక్యం, పేజీ, లైను నంబరు ఇవ్వాలి. పేపర్‌లో మార్పులు రంగు అక్షరాల్లో ఉండాలి. 'సూచన ప్రకారం సరిచేశాం' అని ఒక్క ముక్కతో వదిలేస్తే రివ్యూయర్ పేపరంతా వెతుక్కోవాలి. అది ఆయన సహనాన్ని పరీక్షిస్తుంది. ఒక వ్యాఖ్యలో మూడు ప్రశ్నలుంటే మూడుగా విడగొట్టండి. ఒకటి మరిచిపోయినా రెండో రౌండులో అదే పట్టుకుంటారు.

ఇక మీరు పంపిన 14వ వ్యాఖ్య: 'ఎం30కి 38 ఎంపీఏ అంటున్నారు. సిలిండర్ బలం 30కి ఇది మరీ ఎక్కువ, మిక్స్ డిజైన్ తప్పు.' ఆయన తెలివితక్కువవారు కాదు. సిలిండర్ వాడే దేశంలో ఉన్నారు. 'ఎం30' అంటే 150 మిల్లీమీటర్ల క్యూబుకు 28 రోజుల లక్షణ బలం 30 అని మీ పేపర్‌లో ఎక్కడా లేదు. సిలిండర్ బలం క్యూబు బలంలో సుమారు 0.8 వంతు ఉంటుందనీ లేదు. కాబట్టి 'రివ్యూయర్ పొరబడ్డారు' అనకుండా 'మా రాతలో స్పష్టత లోపించింది' అని ఒప్పుకుని, ఆ రెండు వాక్యాలూ పద్ధతి విభాగంలో చేర్చండి. రివ్యూయర్ పొరబడ్డచోట రేపు పాఠకుడూ పొరబడతాడు.

నిజంగా ఒప్పుకోలేని సూచన వస్తే ఒప్పుకోనవసరం లేదు. కారణం, అంకె, వీలైతే ఒక రిఫరెన్సు ఇచ్చి మర్యాదగా కాదనండి. 180 రోజుల పరీక్ష చేయమంటే, నమూనాలు మిగలలేదని నిజం చెప్పి, పేపర్‌లో పరిమితుల కింద రాయండి. తన పేపర్లు ఐదు ఉదహరించమని ఎవరైనా అడిగితే, సంబంధం ఉన్నవే చేర్చి, మిగతావాటి గురించి ఎడిటర్‌కు విడిగా రాయండి. గడువు చాలకపోతే అది దాటకముందే పొడిగింపు అడగండి. దాటితే సిస్టమ్ కొత్త పేపర్‌గా లెక్కవేయవచ్చు.

ప్రశ్న: మా డిజైన్‌కు పేటెంట్ తీసుకోవాలనుంది. పేపర్ ముందా, పేటెంట్ ముందా? – బెంగళూరులో పనిచేసే మెకానికల్ ఇంజనీరు

జవాబు: పేటెంట్ ముందు. పేపర్ అచ్చయితే విషయం బహిరంగమై కొత్తదనం పోతుంది. మన చట్టంలోని మినహాయింపులు ఇరుకైనవి, వాటిని నమ్ముకోవద్దు. ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసి, ఆ తేదీ చేతికొచ్చాక పేపర్ పంపండి. పూర్తి స్పెసిఫికేషన్ 12 నెలల్లోపు వేయాలి. కంపెనీలో చేసిన పని అయితే రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క గ్రాఫు కూడా బయటికి పంపవద్దు.

ప్రశ్న: పేపర్ అంగీకరించారు. ప్రూఫ్ (అచ్చుకు ముందు సరిచూసే ప్రతి) 48 గంటల్లో చూసి పంపమన్నారు. ఏం చూడాలి? – కర్నూలు పాఠకురాలు

జవాబు: అభినందనలు. ప్రింట్ తీసి, ఇంకొకరు అసలు ప్రతి చదువుతుంటే మీరు ప్రూఫ్ చూడండి. ముందు పేర్లు, సంస్థల వరుస, ఆర్థిక సహాయం ఇచ్చినవారి గ్రాంటు నంబరు. తరువాత సమీకరణాలు: మైనస్ గుర్తు హైఫన్‌గా మారిందా, ఘాతాంకం కిందికి దిగిందా, గ్రీకు అక్షరం మ్యూ ఎగిరిపోయి మైక్రోమీటరు కాస్తా మీటరుగా మిగిలిందా. పట్టికల్లో అంకెలు ఒక గడి పక్కకు జరిగాయేమో. అచ్చు సిబ్బంది అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబివ్వండి, ఒక్కటి వదిలినా ప్రూఫ్ తిరిగొస్తుంది. ఈ దశలో వాక్యాలను మెరుగుపరచబోవద్దు, కొత్త ఫలితాలు చేర్చనివ్వరు. ఈ 48 గంటలు దాటాక దొరికిన తప్పును మామూలుగా దిద్దడం కుదరదు. దానికి విడిగా సవరణ ప్రకటన వేయాలి, అది పేపర్ పక్కనే ఎప్పటికీ ఉంటుంది.